క్యాంపర్ ఎక్కించిన ట్రక్కు, వెనుక గుర్రాల ట్రెయిలర్: కొలరాడో నుంచి బ్లాక్ హిల్స్ దాకా

కొలరాడో నుంచి వయోమింగ్ మీదుగా సౌత్ డకోటాలోని బ్లాక్ హిల్స్‌కు రెండు గుర్రాలతో వెళ్లినప్పుడు, బస చేసే గదిలాంటి క్యాంపర్‌ను తొట్టిలో మోస్తున్న ట్రక్కుకే గుర్రాల ట్రెయిలర్‌ను తగిలించాము. ఇలా వెళ్లదలచినవారు బస గురించి ఆలోచించడానికి ముందే ట్రక్కు వెనుక ఇరుసుపై ఎంత బరువు పడుతుందో తెలుసుకోవాలి. క్యాంపర్ బరువులో అధిక భాగం ఆ ఇరుసుదే. దానికి తోడు ట్రెయిలర్ తన మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం వరకు హిచ్‌పై, అంటే ట్రక్కు వెనుక దాన్ని తగిలించే కొక్కెంపై, మోపుతుంది. ట్రక్కు తొట్టిని క్యాంపర్ ఆక్రమించుకోవడంతో తొట్టిలోనే తగిలించే గూస్‌నెక్ ట్రెయిలర్‌కు చోటు మిగలదు. వెనుక బంపరు దగ్గర తగిలించే బంపర్ పుల్ రకమే గతి. క్యాంపర్ బంపరు దాటి వెనక్కి వస్తే హిచ్‌కు ఎక్స్‌టెన్షన్ బిగించాలి. అది ఎంత పొడవుంటే అంతగా మీటలా పనిచేసి ముందు చక్రాలపై బరువు తగ్గిస్తుంది, దాంతో స్టీరింగ్ పట్టు సడలుతుంది. అందుకే ఎక్స్‌టెన్షన్ ఉన్నప్పుడు హిచ్ సామర్థ్యాన్ని తయారీదారులు తగ్గించి చెబుతారు. లెక్కకు తీసుకోవలసింది ఆ తగ్గిన అంకెనే.

మాకు దొరికిన సేవలన్నింటిలో అత్యంత విలువైనది ట్రక్ స్టాపులోని క్యాట్ స్కేల్ అనే కాటా. ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రెయిలర్ బరువులను అది విడివిడిగా చూపుతుంది. నీళ్ల ట్యాంకు నింపి, ఎండుగడ్డి వేసి, గుర్రాలను ఎక్కించాకే తూకం వేయించాలి. ఆ అంకెలను అనుమతించిన బరువులు చూపే, డ్రైవరు తలుపు పక్కనున్న స్టిక్కరుతోనూ, టైర్ల గరిష్ఠ భారంతోనూ పోల్చాలి. హిచ్ బిగించిన మెకానిక్ కూడా శ్రద్ధగల మనిషి. స్టీరింగ్‌ను పూర్తిగా తిప్పించి ట్రెయిలర్ మూల క్యాంపర్‌కు తగలదని చూశాడు, ట్రెయిలర్ తెగిపోతే దాని బ్రేకులు పడేలా చేసే బ్రేక్‌అవే స్విచ్‌ను మా ఎదుటే పరీక్షించాడు, సేఫ్టీ చైన్లు కప్లర్ (ట్రెయిలర్‌ను హిచ్‌కు పట్టి ఉంచే భాగం) కింద అడ్డంగా పెనవేసి ఉండాలని పట్టుబట్టాడు.

వయోమింగ్‌లో ఐ-25 అనే అంతర్రాష్ట్ర రహదారిపై వీట్‌లాండ్‌కు దక్షిణంగా ఉన్న బోర్డో ప్రాంతం గాలులకు పేరుపడింది. తేలికైన, ఎత్తైన వాహనాలను అక్కడ తరచూ ఆపివేస్తారు. క్యాంపర్ ఎత్తును బట్టి చూస్తే ఆ ఆంక్ష మాలాంటివారికి ఎంతో మేలు చేసేదే. రహదారి శాఖ సమాచారం చూసి షయాన్‌లోనే ఆగిపోయాము. అక్కడ ప్రైవేటు గుర్రపుశాల శుభ్రంగానే ఉన్నా, వాకిలి ఇరుకై ట్రెయిలర్‌ను వెనక్కి నడిపించడం ప్రయాసగా మారింది. ఫోనులో గదులు, మేత గురించి అడిగేవారు ముందుగా బండి తిరిగే స్థలం గురించి అడగాలి. ఆ తర్వాత ఒక కౌంటీ ప్రదర్శన మైదానంలో దిగాము. వసతి సాదాగా ఉన్నా, ముందు గేటులో ప్రవేశించి వెనుక గేటులో వెళ్లిపోవచ్చు కనుక నాకు అదే మెరుగనిపించింది.

దారిలో ప్రతి మూడు నాలుగు గంటలకు ఆగి గుర్రాలకు నీళ్లు పెట్టాము. తాళ్లను అవి తల కిందికి దించగలిగేంత వదులుగా కట్టాలి. తల ఎత్తి కట్టేస్తే ధూళి, శ్లేష్మం కిందికి జారక ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. బరువైన గుర్రాన్ని డ్రైవరు వైపు, అంటే ఎడమన, నిలపడం అమెరికా రోడ్లపై మంచిది, ఎందుకంటే రోడ్డు కుడి అంచుకు వాలి ఉంటుంది. పత్రాల విషయంలో అశ్రద్ధ పనికిరాదు: గుర్రాలకు సోకే రక్తహీనత వ్యాధి లేదని చూపే కాగిన్స్ పరీక్ష ఫలితం, పశువైద్యుని ధ్రువపత్రం, కొలరాడో దాటేందుకు గుర్రం ఎవరిదో నిర్ధారించే బ్రాండ్ తనిఖీ పత్రం వెంట ఉండాలి.

కస్టర్ స్టేట్ పార్కులోని ఫ్రెంచ్ క్రీక్ హార్స్ క్యాంపు గుర్రాలతో వచ్చేవారికే కేటాయించినది, కొట్టాలతో సహా. కాబట్టి ముందే స్థలం పట్టుకోవాలి. ఈ పార్కులో బైసన్ మందలు స్వేచ్ఛగా తిరుగుతాయి, వాటిని ఎరుగని గుర్రం బెదరవచ్చు. పార్కులోకి హెర్మోసా వైపు నుంచి 36వ నంబరు రహదారిపై వెళ్లాము. నీడిల్స్ హైవేపై ఉన్న నీడిల్స్ ఐ సొరంగం వెడల్పు సుమారు 8 అడుగులే. ఐరన్ మౌంటెన్ రోడ్డులోనూ సొరంగాలు, మెలికల వంతెనలు ఉన్నాయి. ఈ బండితో ఆ రెండు దారుల జోలికి వెళ్లకూడదు.