మౌంట్ వాషింగ్టన్ రోడ్ రేస్ రివ్యూ: డబ్బులు కట్టి మరీ కొండెక్కడం వర్తేనా?

ముందే చెప్పేస్తున్నా, నా వరకైతే కట్టిన డబ్బులకి పూర్తి న్యాయం జరిగింది. కాకపోతే 5కే లు 10కే లు అయిపోయాయి, ఇంకేదన్నా కొత్తగా చూద్దాం అనుకునేవాళ్ళు వెంటనే దూకేసే రేస్ కాదిది, ముందు మోకాళ్ళనీ పిక్కల్నీ ఒప్పించుకోవాలి, ఆ తర్వాత ఇంట్లో కారు నడిపేవాళ్ళని ఒప్పించుకోవాలి. రెండోదే కష్టం, దాని సంగతి కింద చెప్తా.

బోస్టన్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళు అక్టోబర్ వచ్చిందంటే ఆకుల రంగులు చూడ్డానికి న్యూ హాంప్‌షైర్ వెళ్ళి, కాంకమాగస్ హైవే మీద ఫోటోలు దిగి, నార్త్ కాన్వేలో అవుట్‌లెట్ షాపింగ్ చేసుకుని వచ్చేస్తుంటారు కదా, అక్కడికి దగ్గర్లోనే ఈ కొండ. ఎత్తు 6,288 అడుగులు, అమెరికా ఈశాన్యం మొత్తంలో ఇదే పెద్దది. పైదాకా ఆటో రోడ్ అని ఒక టోల్ రోడ్డు ఉంది, 1861లో గుర్రపు బళ్ళ కోసం తెరిచారు. ఇప్పుడు కార్లు ఎక్కుతాయి, ఎక్కినోళ్ళకి 'ఈ కారు మౌంట్ వాషింగ్టన్ ఎక్కింది' అని బంపర్ స్టిక్కర్ ఇస్తారు, మన అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్లో ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు. ఏడాదికోసారి, జూన్‌లో ఒక శనివారం, అదే రోడ్డు మీద మనుషులు పరిగెడతారు. మొదటి రేస్ 1936లో జరిగింది, ఫ్రాన్సిస్ డారా అనే ఆయన గంటా పదిహేను నిమిషాల 50 సెకన్లలో ఎక్కి గెలిచాడు. ఆ కాలం బూట్లతో!

నాకు లాటరీ తగిలిందని చెప్తే మా బావమరిది అన్న మొదటి మాట, "ఏంటి బావా, కారేసుకుని వెళ్ళే కొండకి పరిగెత్తడానికి ఎదురు డబ్బులు కట్టావా?" అని. పాయింటే. అవును, లాటరీయే. మార్చిలో పేరిస్తే డ్రా తీస్తారు, తీసుకునేది వెయ్యికి పైగా మందినే, అడిగేవాళ్ళు అంతకంటే ఎక్కువ. తగలకపోతే మళ్ళీ ఏడాది చూడాలి, అది ఎవరూ చేయగలిగింది లేదు.

సరే కోర్సు. 7.6 మైళ్ళు, అంటే 12 కిలోమీటర్ల పైచిలుకు. దూరం చూస్తే నవ్వొస్తది, 'హాఫ్ మారథాన్ కంటే చిన్నదే కదా' అనిపిస్తది. కానీ ఆ 12 కిలోమీటర్లలో 4,650 అడుగులు పైకెక్కుతాం. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరినోళ్ళకి ఐడియా ఉంటది, ఇది సుమారుగా దానికి రెండింతల ఎక్కుడు, మధ్యలో గాలి గోపురం దగ్గర కూచుని టీ తాగడాలు, జింకల పార్క్ దగ్గర చదునైన దారి, ఇవేమీ ఉండవు. సగటు గ్రేడ్ 12 శాతం, అంటే వంద అడుగులు ముందుకేస్తే పన్నెండు అడుగులు పైకి. 'ఒక్కటే కొండ' అని వీళ్ళే టీషర్టుల మీద జోక్ వేసుకుంటారు. స్టార్ట్ లైన్ దాటాక కాస్త దూరం చదునుగా ఉంటది, అక్కడ ఊపులో అందరూ ఉరుకుతారు, చిన్న బ్రిడ్జ్ దాటగానే రోడ్డు లేస్తది, అంతే, ఇక పైదాకా ఎక్కడా దిగదు.

ఇక్కడ రన్నర్లు చెప్పుకునే లెక్క ఒకటుంది, మీ హాఫ్ మారథాన్ టైమ్ ఎంతో ఈ కొండకి దాదాపు అంత పడుతుంది అని. నా హాఫ్ 2:05, ఇక్కడ 2:11లో చేరా, సో నా విషయంలో లెక్క బాగానే పనిచేసింది. కోర్స్ రికార్డ్ న్యూజిలాండ్ రన్నర్ జోనథన్ వయట్‌ది, 2004లో 56:41. మైలుకి ఏడున్నర నిమిషాలు కూడా పడలా! మనలో సగం మంది నెక్లెస్ రోడ్ మీద కూడా ఆ పేస్ ఒక మైలు పట్టలేం, ఆయన కొండ మీద పట్టాడు. ఆడవాళ్ళలో ఇథియోపియా ఆమె షువార్గే అమారే 2010లో 1:08:21. ఇంకోవైపు పెన్సిల్వేనియా రిటైర్డ్ ప్రొఫెసర్ జార్జ్ ఎట్జ్‌వైలర్ 95 ఏళ్ళు వచ్చాక కూడా ఈ కొండెక్కాడు. వీళ్ళందరూ ఒకే రోడ్డు మీద పరిగెత్తిన రేస్ అంటే నాకు భలే ఇష్టమేసింది, మన ప్లేస్ మధ్యలో ఎక్కడో ఉంటది, టెన్షన్ లేదు.

ట్రైనింగ్ గురించి కొంచెం ఎక్కువే రాస్తా, ఎందుకంటే అప్లై చేసేముందు నేను వెతికింది ఇదే. మామూలు రన్నింగ్ ప్లాన్ దీనికి పనికిరాదు, వారానికి 40 మైళ్ళు చదునులో కొట్టినా కొండ దగ్గర పిక్కలు ఒప్పుకోవు, ఎందుకంటే ఈ రేస్‌లో మడమ సరిగా నేలకి ఆనదు, మొత్తం ముందుపాదం మీదే బండి నడుస్తది, దాని బరువంతా పిక్కలూ మడమ వెనక నరమే మోస్తాయి. అందుకని జిమ్ ట్రెడ్‌మిల్ నాకు గుడిలా అయిపోయింది. ఇంక్లైన్ 12 పెట్టి, మూడు నిమిషాలు 4.5 స్పీడ్‌లో జాగ్, రెండు నిమిషాలు 3.5లో నడక, ఇదే తిప్పి తిప్పి. మొదట ఇరవై నిమిషాలకే కింద చెమట మడుగు కట్టేది, మే నెల వచ్చేసరికి గంటన్నర లాగించా. పక్కన ఇంక్లైన్ 15 పెట్టి ముందున్న రాడ్ పట్టుకుని వెనక్కి వాలి నడిచేవాళ్ళుంటారు చూడండి, అలా మాత్రం చేయొద్దు, రాడ్ పట్టుకున్నారంటే మీ బరువు మిషన్ మోస్తోంది, స్క్రీన్ మీద క్యాలరీలు తప్ప ఇంకేం రాదు. చేతులు వదిలేసి 10 పెట్టుకోవడం మేలు.

ఇంకో ముఖ్యమైన ముక్క, నడక ప్రాక్టీస్ చేయండి. నిజంగా. అంత ఎక్కుడులో నెమ్మదిగా జాగ్ చేసేవాడు, గట్టిగా అంగలేసి నడిచేవాడు ఒకే స్పీడ్‌లో పోతుంటారు, కానీ జాగ్ చేసేవాడి గుండె 175 కొడుతుంటది, నడిచేవాడిది 160. రేస్‌లో నా ముందు ఒక పెద్దాయన, అరవై పైనే ఉంటాయి, రెండు చేతులూ తొడల మీద పెట్టి నొక్కుకుంటూ నడుస్తున్నాడు, నేను పక్కన పరిగెడుతున్నా, మైలు దూరం ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం. తర్వాత నేనూ నడిచా, ఆయన దాటేసి పోయాడు అది వేరే సంగతి.

వీకెండ్స్‌లో వచూసెట్ కొండకి వెళ్ళేవాణ్ణి, మాసాచుసెట్స్‌లో ప్రిన్స్‌టన్ ఊళ్ళో ఉంటది, ష్రూస్‌బరీ వెస్ట్‌బరో సైడ్ ఉండే మనవాళ్ళకి బాగా దగ్గర. ఎత్తు 2,006 అడుగులే గానీ పైదాకా తారు రోడ్డుంది, చలికాలంలో కార్లని రానివ్వరు కాబట్టి రోడ్డంతా మనదే. ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. దిగేటప్పుడు మాత్రం నేను నడిచే దిగా, రేస్‌లో దిగుడు లేదు కదా, తొడ కండరాలు ఎందుకు పాడుచేసుకోవడం. దీనివల్ల ఒక బోనస్ కూడా ఉంది, రేస్ అయిన తెల్లారి మెట్లు మామూలుగా దిగగలిగా, ఫుల్ మారథాన్ తర్వాత రోజు టాయిలెట్ సీట్ మీద కూర్చోడానికి పడే అవస్థ దీనికి లేదు. పిక్కలు మాత్రం రెండు రోజులు రాళ్ళయిపోయాయి.

షూస్ గురించి చాలామంది అడుగుతారు, కొండ అన్నాం కదా అని మందపాటి ట్రైల్ షూస్ కొనక్కర్లా, ఉన్నది రోడ్డు, తేలికపాటి రోడ్ షూస్ చాలు. ఆ డబ్బుతో మంచి గ్లవ్స్, పల్చటి విండ్ జాకెట్ కొనుక్కోండి. గ్లవ్స్ నేను ఆన్‌లైన్లో చవగ్గా దొరికాయని ఒక జత కొన్నా, వాటర్‌ప్రూఫ్ అని బొమ్మ వేసి మరీ అమ్మాడు, పొగమంచుకే నానిపోయి పిండుకోవాల్సొచ్చింది, రిటర్న్ విండో కూడా అయిపోయింది.

జూన్‌లో గ్లవ్స్ ఏంటి అంటారా. ఈ కొండ మీద ఇప్పటిదాకా నమోదైన అత్యధిక వేడి 72 ఫారెన్‌హీట్, అంటే 22 డిగ్రీలు, అది రికార్డు అన్నమాట! మన ఏసీ రిమోట్ మీద పెట్టుకునే నంబర్. 1934 ఏప్రిల్ 12న పైన అబ్జర్వేటరీ వాళ్ళు గంటకి 231 మైళ్ళ గాలి కొలిచారు, అరవై ఏళ్ళ పైన ప్రపంచ రికార్డు అదే. వాతావరణం మరీ పాడైతే రేస్‌ని సగం దారిలోనే ఆపేస్తారు కూడా, కాబట్టి శిఖరం గ్యారంటీ అనుకుని వెళ్ళకండి. మా ఏడు కింద టీషర్ట్ చెమటకి అతుక్కుపోయేంత ఉక్క, మొదటి నాలుగు మైళ్ళు రెండు పక్కలా చెట్లు, గాలి లేదు, అందరి ఊపిరి శబ్దమే వినిపిస్తది. తర్వాత చెట్లు పొట్టివై పొట్టివై నడుం ఎత్తుకొచ్చి, ఒక మలుపు తిరిగేసరికి అసలు లేవు. అక్కడ గాలి పక్కనుంచి కొట్టింది చూడండి, నంబర్ కాగితం పటపటమని కొట్టుకుని ఒక పిన్ను ఊడిపోయింది, దాన్ని చేత్తో పట్టుకుని పరిగెత్తా. కనుబొమ్మల మీద మంచు నీళ్ళు, పెదాల మీద ఉప్పు. ముందు ఎవడున్నాడో కనపడదు, పసుపు జాకెట్లో వలంటీర్ మాత్రం ఒక్కసారిగా పొగలోంచి బయటికొచ్చి నీళ్ళ గ్లాస్ అందించాడు. ఆ వలంటీర్లకి దండం పెట్టాలి, మనకి పరిగెత్తితే వేడి పుడతది, వాళ్ళు అక్కడ అలా నిలబడే ఉంటారు.

ఆఖరి ముక్క గురించి చెప్పకపోతే రివ్యూ పూర్తవదు. 'ది వాల్' అంటారు, చివరి 50 గజాలు 22 శాతం గ్రేడ్. మన మోకాళ్ళ పర్వతం దగ్గర పెద్దవాళ్ళు మోకాళ్ళ మీద ఎందుకెక్కుతారో అక్కడ అర్థమైంది నాకు. అంతదూరం వచ్చాక పరిగెత్తడానికి ఏం మిగల్దు, కానీ రెండు పక్కలా ముందే కార్లలో పైకొచ్చిన జనం గంటలు మోగిస్తూ అరుస్తుంటారు, ఇంతమంది ముందు నడవడానికి సిగ్గేసి అందరూ పరిగెత్తుతున్నట్టు యాక్ట్ చేస్తారు, నేనూ చేశా, ఫోటోలో చూస్తే రెండు కాళ్ళూ నేల మీదే ఉన్నాయి. మా బావమరిది "బావా కమాన్, ఇంకో నాలుగడుగులే" అని అరిచాడు, నాలుగు కాదు, నలభై ఉన్నాయి.

ఇప్పుడు మైనస్. దిగడం. పరిగెత్తి గానీ నడిచి గానీ రోడ్డు మీద కిందికి దిగనివ్వరు, కారులోనే దిగాలి. అంటే రేస్ మొదలవ్వకముందే, పొద్దున్నే, మీకోసం ఒకరు కారు పైకి తీసుకెళ్ళి, ఆ చలిలో గంటల తరబడి కూచోవాలి. తెలిసినోళ్ళెవరూ లేకుండా ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఇది పెద్ద తలనొప్పే, వేరే రన్నర్ల కార్లో సీటు మాట్లాడుకోవాల్సి ఉంటది. ఒక లాభం ఏంటంటే పొడి బట్టలు, టవల్, ఫ్లాస్క్‌లో టీ ఆ కార్లోనే పంపొచ్చు. పైకి చేరిన పది నిమిషాల్లో తడి బట్టలు మార్చకపోతే వణుకు ఆగదు, ఇది ఆషామాషీగా చెప్పట్లేదు. దిగేటప్పుడు లో గేర్‌లో పెట్టి దిగాలి, మధ్యమధ్యలో బ్రేకులు చల్లారడానికి ఆపుకునే చోట్లున్నాయి, ఆగండి, మా ముందు కారు బ్రేకుల కాలిన వాసన మా కారులోకొచ్చింది. పక్కన రెయిలింగ్ ఉండదు, ఘాట్ రోడ్డంటే భయమున్నోళ్ళకి స్టీరింగ్ ఇవ్వొద్దు. మా ఆవిడ కిందే ఉండిపోతానంది, చాలా తెలివైన నిర్ణయం.

తిండి విషయానికొస్తే కింద రేస్ అయ్యాక వేడి భోజనం పెడతారు, టర్కీ, దానికి పేరుంది ఇక్కడ. శాకాహారులు ఆశ పెట్టుకోకుండా ఇంటినుంచి పులిహోర తెచ్చుకోవడం బెస్ట్, మేం తెచ్చుకున్నాం, పక్క టేబుల్ వాళ్ళకి కూడా ఇచ్చాం, వాళ్ళు ఎండుమిరపకాయ కొరికారు, ఆ కథ వద్దులెండి.

రేటింగ్ అంటే ఐదుకి నాలుగున్నర, ఆ అర దిగే రైడ్ గొడవకి కోసేశా. హాఫ్ మారథాన్ రెండున్నర గంటల్లోపు తెముల్చుకునేవాళ్ళు, ఓపిగ్గా మూడు నాలుగు నెలలు ఇంక్లైన్ మీద గడపగలిగేవాళ్ళు ధైర్యంగా అప్లై చేయొచ్చు. పర్సనల్ బెస్ట్‌ల పిచ్చి ఉన్నోళ్ళకి నచ్చదు, మైలుకి పదిహేడు నిమిషాలు అని వాచ్ చూపిస్తే తట్టుకోలేరు. మోకాలి నొప్పి ఉన్నోళ్ళకి ఎక్కుడు కాబట్టి కొంత నయమే, కానీ మడమ వెనక నరం పట్టేసే అలవాటున్నోళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా వెళ్ళొద్దు. ఇంకోటి, మార్చిలో లాటరీకి పేరు ఇచ్చేముందే కారు ఎక్కించేది ఎవరో మాట్లాడి పెట్టుకోండి. మా బావమరిది అయితే వచ్చే ఏడాదికి ఇప్పుడే రేటు చెప్పేశాడు, బోస్టన్ వచ్చాక రెండు బిర్యానీలు, స్టిక్కర్ మాత్రం ఆయన కారుకే.