పొలాలు నువ్వెయ్యి, గుర్రాలొచ్చాక పిలు

కంప్యూటరు ఆటలు అమ్మే స్టీమ్‌లో ఆట పేరు పక్కనే ఎన్ని గంటలు ఆడామో చూపిస్తుంది. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2: డెఫినిటివ్ ఎడిషన్’ పక్కన నాకు మొన్నటికి 1,140 కనబడింది. మా ఆయన వెనకనించి చూసి, "ఈ గంటల్లో బ్యాంకు పరీక్ష సీఏఐఐబీ రెండుసార్లు పాసయ్యేదానివి" అన్నారు. బ్యాంకులో చేసేవాళ్లకి ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలుసు. మధ్యయుగపు ఊరు కట్టి, సైన్యం పెంచి, ఎదుటివాళ్లతో యుద్ధం చేసే ఈ ఆటని 2020 లాక్‌డౌన్‌లో కొన్నాను. ఇప్పటికీ వారానికి మూడు నాలుగు ఆటలు పడుతూనే ఉన్నాయి. నాలుగు రోజులు ఆడేసి రాస్తున్నది కాదని చెప్పడానికే ఈ లెక్కంతా.

అసలు కథ 2002లో మొదలైంది. అన్నయ్యకి ఎంసెట్‌లో ర్యాంకొచ్చిందని నాన్న కంప్యూటరు కొన్నారు. అసెంబుల్డ్. రాజమండ్రి దానవాయిపేటలో మా ఇంటి మధ్యగదిలో పెట్టి, మానిటరుకో గుడ్డ కవరు, సీపీయూకో గుడ్డ కవరు కుట్టించింది అమ్మ. ఆట సీడీ అన్నయ్య స్నేహితుడు రాసిచ్చినది. దాని మీద మార్కరుతో ‘ఏఓఈ 2’ అని ఉండేది. దీనికి పెట్టె, పుస్తకం, ఒరిజినల్ అనేవి ఉంటాయని కూడా మాకు తెలీదు.

నాకప్పుడు పదకొండేళ్లు. మౌసు అన్నయ్య చేతిలో, నేను పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద. కానీ ఆటలో మొదటి పావుగంటంటే వాడికి చచ్చే విసుగు. గొర్రెలు కొయ్యడం, కట్టెలు కొట్టించడం, ఇళ్లు కట్టడం. "పొలాలు నువ్వెయ్యి, గుర్రాలొచ్చాక పిలు" అని చెప్పి ముందుగదిలోకి క్రికెట్ చూడ్డానికి పోయేవాడు. నేను వేసేదాన్ని. ఊరి నడిమధ్య ఉండే టౌన్ సెంటర్ చుట్టూ పొలాలు, పొలాల చుట్టూ గోడ, గోడకి రెండు గేట్లు. అన్నీ వరస తప్పకుండా, ముగ్గేసినట్టు. గుర్రాలు తయారయ్యాక కేకేస్తే వచ్చి, నన్ను కుర్చీలోంచి లేపి, యుద్ధం చేసి, "గెలిచేశా" అనేవాడు. నేను మళ్లీ స్టూలు మీదకి.

యుద్ధం ఓడిపోయేలా ఉంటే చీట్ కోడ్‌లు. అవి వాడి ఫిజిక్స్ రికార్డు ఆఖరి పేజీలో పెన్సిలుతో రాసి ఉండేవి. ‘మార్కో’ అని కొడితే మ్యాపంతా తెరుచుకునేది, ‘పోలో’ అంటే మిగిలిన మసక పోయేది. ఇంకో పొడుగాటి కోడ్‌తో మధ్యయుగం కోట ముందుకి మెషిన్‌గన్నులున్న స్పోర్ట్స్ కారు దిగేది. విలుకాళ్ల మీదికి కారుతో వెళ్లడం అప్పట్లో మాకేమీ వింతగా అనిపించలేదు.

ఈ ఆట 1999లో వచ్చింది. చేసినవాళ్లు ఎన్‌సెంబుల్ స్టూడియోస్. ఆ సంస్థ 2009లో మూతపడింది. అక్కడితో ఆట కూడా పోవాల్సిందే. కానీ అభిమానులు కొందరు తమంతట తాము కొత్త నాగరికతలు, అంటే మనం ఎంచుకుని ఆడే జాతులు, చేర్చి ఒక మాడ్ (ఆటకి సొంతంగా చేసిన మార్పు) తయారుచేశారు. ఆ ‘ఫర్‌గాటెన్ ఎంపైర్స్’ బృందం పనే 2013లో అధికారికంగా విడుదలైంది. కొత్త రూపంగా 2019 నవంబరులో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్‌లోనూ ముఖ్యమైన చెయ్యి వాళ్లదే. మొదట పదమూడున్న నాగరికతలు ఇప్పుడు నలభై దాటాయి. పాత సీడీ ఆడినవాళ్లు ఆ జాబితా చూసి కంగారుపడక్కర్లేదు. గొర్రె గొర్రే, గొడ్డలి గొడ్డలే.

కొన్న రాత్రి జరిగింది చెప్తాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదలుపెట్టాను. గొర్రె అరిచింది. అంతే, ముక్కుకి మధ్యగదిలో గుడ్డ కవరు దుమ్మువాసన తగిలింది. పదినిమిషాలకి శత్రువు వస్తున్నాడని బూర మోగింది. ఆ బూర వినగానే కడుపులో ఏదో జారింది, సరిగ్గా పదకొండేళ్లప్పటిలాగే. ‘మోడరేట్’ స్థాయి కంప్యూటరుతో ఆడుతున్నాను. పాతికో నిమిషానికి నా ఊరు తగలబడింది. నా గోడలు చాలా అందంగా ఉన్నాయి గానీ లోపల సైన్యం లేదు.

అప్పుడర్థమైంది, చిన్నప్పుడు మేము ఈ ఆట ఆడనే లేదని. దాంట్లో బొమ్మరిల్లు కట్టుకున్నాం, కారు తోలాం.

డెఫినిటివ్ ఎడిషన్‌లో ‘ఆర్ట్ ఆఫ్ వార్’ అని పాఠాలున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, పాతవాళ్లమనుకునే నాబోటివాళ్లు కూడా, ముందు వాటిలోకే వెళ్లండి. మనం ఎంత తొందరగా చేస్తే అంత మంచి పతకం. పేరులో యుద్ధముంది గానీ మొదటి పాఠం మొత్తం ఇల్లు నడపడమే. ఆట మొదట్లో మన దగ్గర 200 ఫుడ్, 200 ఉడ్, 100 గోల్డ్, 200 స్టోన్, పనిచేసే విలేజర్లు ముగ్గురు, గుర్రం మీద చుట్టుపక్కల చూసొచ్చే స్కౌట్ ఒకడు ఉంటారు. ఒక విలేజరుకి 50 ఫుడ్, పాతిక సెకన్లు. టౌన్ సెంటర్ ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదు. ఒకరి తర్వాత ఒకరు విలేజర్లు దిగుతూనే ఉండాలి. వాళ్లుండడానికి ఇళ్లు ముందే కట్టి ఉండాలి. ఐదుగురికి ఒక ఇల్లు, దానికి 25 ఉడ్. ఒక ఇల్లు ఆలస్యమైతే ఊరంతా ఆగిపోతుంది. ఊరు ఒక్కో యుగం పైకెక్కాలన్నా ఖర్చే: ఫ్యూడల్ ఏజ్‌కి 500 ఫుడ్, కాజిల్ ఏజ్‌కి 800 ఫుడ్, 200 గోల్డ్. జీతం ఒకటో తారీకున వచ్చి, ఐదో తారీకున స్కూలు ఫీజు కట్టాల్సిన ఇంటికి ఈ లెక్కలు కొత్తేం కాదు.

పంది సంగతి ఒక్కటి వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని నేర్చుకోడానికి నాకు నెల పట్టింది. ఊరికి కాస్త దూరంలో రెండు అడవిపందులుంటాయి. ఒక్కో పందిలో 340 ఫుడ్. గొర్రెలో అయితే వందే. అంత తిండి వదులుకోలేం, కానీ విలేజరుకున్న ప్రాణం 25 పాయింట్లు, పందికి 75. కాబట్టి ఒక విలేజరు వెళ్లి బాణం వేసి, తిరిగి ఊరివైపు పరిగెత్తాలి. పంది వెంటపడుతుంది. టౌన్ సెంటర్ దాకా లాక్కొచ్చాక గొర్రెల దగ్గరున్న ఆరుగురూ ఒక్కసారి దాని మీద పడాలి. తొందరపడి మనవాణ్ని టౌన్ సెంటర్‌లోకి దూరిస్తే పంది వెనక్కి తిరిగి పోతుంది. ఆలస్యంగా పిలిస్తే మనవాడు గుమ్మంలోనే పోతాడు. మాంసం నిలవుంటే కుళ్లుతుంది కాబట్టి, ముందు కోసిన గొర్రె అయిపోవడానికీ పంది రావడానికీ లెక్క సరిపోవాలి. మొదటి నెలంతా నా విలేజర్లు పందుల చేతిలో పోయారు. పక్కన కూర్చుని చూస్తున్న మావాడు, అప్పటికి మూడేళ్లు, పంది కనబడితే చాలు "అమ్మా పరిగెత్తు" అని అరిచేవాడు.

ఆ నెల తర్వాత ఒకరోజు గడియారం చూసుకుంటే పదిహేడో నిమిషానికి కాజిల్ ఏజ్‌లో ఉన్నాను. ఆన్‌లైన్‌లో అది గొప్పేం కాదు, మామూలే. కానీ చిన్నప్పుడు మేము అరగంట దాటితే గానీ చేరేవాళ్లం కాదు. తేడా ఎక్కడ వచ్చిందని చూస్తే, గుర్రాల్లో కాదు, మొదటి పావుగంటలో. అన్నయ్య వదిలేసి క్రికెట్‌కి పోయిన ఆ పావుగంటలోనే.

కంప్యూటరు ప్రత్యర్థి గురించి ఒక మాట. ఇందులో అన్నిటికన్నా కష్టమైన ‘ఎక్స్‌ట్రీమ్’ స్థాయి కూడా దొంగతనంగా అదనపు వనరులు తీసుకోదు. నిజంగానే బాగా ఆడుతుంది. దానితో సరిసమానంగా నిలబడ్డానికి నాకు ఏడాదిన్నర పట్టింది. మనుషులతో ఆడే ర్యాంకుల ఆట మాత్రం వేరే ప్రపంచం. అందరికీ 1000 పాయింట్ల దగ్గర మొదలవుతుంది. నేను వరసగా ఓడి 700కి దిగాను, ఇప్పుడు 900 అటూఇటూ ఊగుతున్నాను. ఓడితే "జీజీ" (గుడ్ గేమ్) అని టైపు చేసి వెళ్లిపోవడం మర్యాద. ఓడించి 11 నొక్కేవాళ్లూ ఉంటారు. 11 అంటే పగలబడి నవ్వే గొంతు. మొదట్లో ఏడుపొచ్చేది, ఇప్పుడు నేనూ నొక్కుతున్నాను.

2022 ఏప్రిల్‌లో వచ్చిన అదనపు భాగం ‘డైనస్టీస్ ఆఫ్ ఇండియా’ను విడిగా డబ్బు పెట్టి కొనాలి. నేను రెండో ఆలోచన లేకుండా కొన్నాను. అప్పటిదాకా భారతదేశం మొత్తానికీ ‘ఇండియన్స్’ అని ఒకటే ఉండేది. అది హిందుస్తానీలుగా మారి, ద్రవిడులు, బెంగాలీలు, గుర్జరులు విడిగా వచ్చారు. మనం ద్రవిడుల్లో పడతాం. వాళ్ల విలేజర్లు తమిళంలో పలుకుతారు. కాకతీయులకీ రెడ్డిరాజులకీ వేరే నాగరికత లేదు, తెలుగు మాట ఎక్కడా వినబడదు. మెనూలు హిందీలో పెట్టుకునే వీలుంది, తెలుగులో లేదు. ఇది చూసి అన్నయ్య పొడుగాటి వాయిస్ మెసేజ్ పెట్టి తిట్టుకున్నాడు.

నాకు మాత్రం కోపం రాకుండా ఆపినది ఒకటుంది. ద్రవిడులు ఆఖరి యుగమైన ఇంపీరియల్ ఏజ్‌లో కొనుక్కునే ప్రత్యేక విద్య పేరు ‘వూట్జ్ స్టీల్’. అది కొంటే మన కాల్బలం, అశ్వబలం కొట్టే దెబ్బకి ఎదుటివాడి కవచం అడ్డురాదు. వూట్జ్ అంటే మరేదో కాదు, మన ఉక్కే. దక్షిణాది ‘ఉక్కు’ తెల్లవాళ్ల రాతల్లో అలా మారింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఆ ఉక్కు చేసేవాళ్లు. పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కెళ్లేవారు. తెలుగు విందామని వెతికితే మూలుగులోనో పలుకులోనో దొరకలేదు, కత్తి అంచులో దొరికింది.

ద్రవిడుల కాంపెయిన్, అంటే కథగా నడిచే ఆటల వరస, రాజేంద్ర చోళుడిది. రాజమండ్రివాళ్లకి ఆయన పరాయి కాదు. మా రాజరాజ నరేంద్రుడికి రాజేంద్రుడు మేనమామ, ఆపైన పిల్లనిచ్చిన మామ. మనూళ్లో ఇప్పటికీ జరిగే మేనరికమే. ఆ పేరు తెరమీద చూసినప్పుడు పెళ్లిలో దూరపు చుట్టం ఎదురైనట్టనిపించింది. ఆట పరంగా అయితే ద్రవిడులు గుర్రాల్లో బాగా బలహీనం. నైట్లు (బరువైన కవచాల రౌతులు) లేరు. ఉరుమి తిప్పే కాల్బలం మాత్రం చూడ్డానికే ముచ్చట. కొరడాలాంటి కత్తి ఒక్క విసురుకి చుట్టూ ఉన్నవాళ్లందరికీ తగులుతుంది. నీళ్లున్న మ్యాపుల్లో వీళ్లని తీసుకోండి. పొడి నేలైతే కష్టపడతారు.

ఇక సణుగుడు. సైనికులు దారి వెతుక్కునే తెలివి ఇప్పటికీ అంతంతమాత్రమే. నలభైమందిని ఒక గేటులోంచి పంపిస్తే తిరణాల తొక్కిసలాటే. అక్షరాలు నా ల్యాప్‌టాప్‌లో చీమలంత ఉండేవి. సెట్టింగుల్లో పెంచుకున్నాక పర్వాలేదు. గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్ మీద ఎనిమిదిమంది ఆట ఆఖర్లో నత్తనడక. 4కే బొమ్మల ప్యాకు వేసుకోకుండా, మ్యాపు చిన్నది పెట్టుకుంటే నడుస్తుంది. ఆన్‌లైన్ ఆట మధ్యలో వదలడానికి లేదు, నలభై నిమిషాలు మనవి కావు. మూడు కుక్కర్ల పప్పు మాడింది ఈ ఐదేళ్లలో. పొలాలు మళ్లీ మళ్లీ వెయ్యక్కర్లేకుండా వాటంతటవే విత్తుకునే సదుపాయం పెట్టారు. అందరూ మెచ్చుకుంటారు, నాకూ మేలే. కానీ పొలం ఎండిపోయిందని చప్పుడు వినగానే పరిగెత్తి 60 ఉడ్‌తో కొత్తది వేసే పని నాదిగా ఉండేది చిన్నప్పుడు. అది పోయింది.

ఆడుకునేవాళ్లుంటేనే కొనండి అననుగానీ, నేను ఒక్కదాన్నే అయితే 300 గంటల దగ్గర ఆగిపోయేదాన్నేమో. అన్నయ్య మెల్‌బోర్న్‌లో ఉంటాడు. ఆదివారం పొద్దున్న, నేను కాఫీతో, వాడు మధ్యాహ్నం భోజనం చేసి, ఇద్దరం ఒక జట్టు, ఎదురుగా రెండు ఎక్స్‌ట్రీమ్ కంప్యూటర్లు. వాడు ఇప్పటికీ పన్నెండో నిమిషంలోనే గుర్రాలతో బయల్దేరతాడు. వెనక పొలాలు ఎనిమిదే ఉంటాయి. అరగంటకల్లా 3 నొక్కుతాడు. "ఫుడ్ ప్లీజ్" అని ఆ పాత గొంతు పలుకుతుంది.

పంపాలంటే మార్కెట్ కట్టాలి. పంపినదాంట్లో 30 శాతం కమిషన్ పోతుంది. మా బ్యాంకులో ఎవరైనా అలా వసూలు చేస్తే ఆ సాయంత్రానికే సస్పెండు. మార్కెట్లో ‘కాయినేజ్’ అనే విద్య కొంటే అది 20కి దిగుతుంది, ‘బ్యాంకింగ్’ కూడా కొంటే మొత్తం పోతుంది. ఉద్యోగధర్మంగా నేను రెండూ కొనేస్తాను. పోయిన ఆదివారం వెయ్యి ఫుడ్ పంపించి, "గుర్రాలొచ్చాక పిలు" అని టైపు చేశాను. అట్నించి ఏమీ రాలేదు. కాసేపటికి మళ్లీ 3 నొక్కాడు.