పహాణీలో ముత్తాత, తీర్పులో తాతమ్మ: ఆరేళ్ళు పాత రికార్డులు వెతికాక

మా ఇంట్లో చిన్నప్పట్నుంచీ వింటున్న కథ ఇది. మా ముత్తాతకి తెనాలి తాలూకాలో కాలవ కింద మాగాణి ఉండేది. అయినా నిజాం సాగర్ నీళ్ళ సంగతి విని, మనసుపడి, బోధన్ వైపు వచ్చాడు. అడివి కొట్టి, మోళ్ళు పెరికి, మడి కట్టాడు. గుంటూరు జిల్లా నుంచి అటు వెళ్ళిన తొలి రైతుల్లో ఆయనొకడు. కథ ఇంతే. ఏ ఏడు వచ్చాడు, ఎవరి దగ్గర కొన్నాడు, డబ్బెక్కడిది అని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. మా తాతమ్మ పేరు కూడా ఎవరికీ తెలీదు. ఆవిణ్ణి కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది మా మేనత్త ఒక్కతే. ఆవిడకీ 'మామ్మ' అన్న పిలుపే గుర్తు.

2018లో ఇంట్లో పాత ఇనప్పెట్టె సర్దుతుంటే ఒక ఉర్దూ కాగితం దొరికింది. అక్కడ మొదలుపెట్టి ఆరేళ్ళపాటు జనగణన పుస్తకాలు, పహాణీలు (ఏ పొలం ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో రాసే ఊరి రికార్డులు), రిజిస్ట్రాఫీసు ఈసీలు (ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితాలు), కోర్టు నకళ్ళు అన్నీ వాడి చూశాను. ఏది ఎంతవరకు పనికొచ్చిందో, ఎక్కడ నన్ను తప్పుదోవ పట్టించిందో రాస్తున్నాను. వలస వెళ్ళిన రైతు కుటుంబాలవాళ్ళకి ఇది అక్కరకొస్తుంది.

ముందు జనగణన. అమెరికాలో ఉన్న మా పెదనాన్నగారబ్బాయి "ముందు సెన్సస్ చూడరా, అందులో అందరి పేర్లూ ఉంటాయి" అన్నాడు. అక్కడ అది నిజమే. ఇంటింటి పేర్లున్న ఫారాలు 72 ఏళ్ళు గడిచాక జనానికి విడుదల చేస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి. మన దగ్గర అలా కాదు. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం మనుషుల వివరాలు ఎవరికీ చూపించరు, కోర్టులో సాక్ష్యంగా కూడా చెల్లవు. ఇది తెలియక నేను నాలుగు నెలలు తిరిగాను. మనకి దొరికేవి అచ్చయిన లెక్కలు మాత్రమే. 1951, 1961 జిల్లా జనగణన పుస్తకాలు జనగణన శాఖ వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. 1951 లెక్కల్లో బతుకుతెరువును బట్టి జనాన్ని ఎనిమిది తరగతులు చేశారు. మొదటిది సొంత భూమి సాగు చేసేవాళ్ళు, రెండోది పరాయి భూమి సాగు చేసేవాళ్ళు, మూడోది వ్యవసాయ కూలీలు, నాలుగోది సాగు చేయకుండా భూమి మీద ఫలసాయం తినేవాళ్ళు. మిగతా నాలుగూ వ్యవసాయేతరం. మనిషిని పట్టుకోవడానికి ఇది పనికిరాదు. ఆ మనిషి ఎలాంటి ఊళ్ళో బతికాడో తెలుసుకోవడానికి పనికొస్తుంది. నేను దాన్ని చివర్లో తెరవాల్సింది, మొదట తెరిచాను.

పహాణీల సంగతి వేరు. తెలంగాణ పల్లెల్లో పొలం గొడవ వస్తే పెద్దలు ముందు అడిగేది 1954-55 ఖాస్రా పహాణీ. సర్వే నెంబరు తెలిస్తే చాలు, దాని నకలు సంపాదించవచ్చు. పట్టాదారు ఒక గడిలో, సాగులో ఉన్నవాడు ఇంకో గడిలో ఉంటారు. రెండూ చదవాలి. మా ముత్తాత రెండింట్లోనూ ఉన్నాడు. అయితే మేం వెంటనే గుర్తుపట్టలేదు, ఎందుకంటే ఇంటిపేరు లేదు. నిజాం రాజ్యపు కాగితాల్లో 'ఫలానా వల్ద్ ఫలానా' అని రాస్తారు, అంటే ఫలానా వాడి కొడుకు ఫలానా. తాత పేరు మనవడికి పెట్టే మన అలవాటు వల్ల ఒకే ఊళ్ళో ఒకే పేరుతో ముగ్గురుండొచ్చు. తండ్రి పేరు, పక్క నెంబర్ల వాళ్ళ పేర్లు కలిపి చూస్తేగాని మనవాడెవరో తేలదు. కొలతలూ మారతాయి. గుంటూరు వైపు ఎకరానికి 100 సెంట్లు, ఇక్కడ 40 గుంటలు. అక్కడ మాగాణి, మెట్ట అంటే ఇక్కడ తరి, ఖుష్కీ. మా నాన్న చనిపోయేదాకా ఇంట్లో 'మాగాణి' అనే అన్నాడు, శిస్తు రసీదు మీద మాత్రం 'తరి' అని ఉండేది.

ఖాస్రా కన్నా వెనక్కి వెళ్ళాలంటే సేత్వార్, ఫైసల్ పట్టీ చూడాలి. సేత్వార్ అంటే సర్వే చేసినప్పుడు ఏ నెంబరు ఎవరిది, ఎంత, తరియా ఖుష్కీయా అని తేల్చిన పుస్తకం. ఫైసల్ పట్టీలో ఏటేటా జరిగిన మార్పులు ఉంటాయి. మా ఊరివి ఉర్దూలో ఉన్నాయి, అదీ గొలుసుకట్టు రాతలో. బోధన్‌లో ఒక రిటైరైన ఉర్దూ మాస్టారు చదివిపెట్టారు. డబ్బు ఇవ్వబోతే "వద్దు సార్, మా నాన్నగారు పట్వారీ గిరి చేశారు, ఈ రాత చూసి ఎన్నాళ్ళయిందో" అన్నారు. ఆయన దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చున్నాను. మొత్తం వెతుకులాటలో నాకు ఎక్కువ నేర్పింది ఆ నాలుగు పూటలే.

అడివి కథ సేత్వార్ దగ్గరే ఆగిపోయింది. మా పొలం అడివి కాదు. మా ముత్తాత రాకముందే ఇంకొకరి పేరున పట్టా ఉంది, ఖుష్కీగా సాగులో ఉంది. మంజీర మీద నిజాం సాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. నీళ్ళు కాలవల్లోకి వచ్చాక ఈ ఖుష్కీలు తరి అయ్యాయి, కాలవ సేద్యం తెలిసిన కృష్ణా డెల్టా రైతులు వాటిని కొన్నారు. మోళ్ళు పెరికిన మాట నిజమే కావచ్చు. చదును చేసి, గట్లు వేసి, వరి దించడం చిన్న పనీ కాదు. కానీ మొట్టమొదట ఆ నేల దున్నినవాడు మా ముత్తాత కాదు. ఇంట్లో చెబితే కొందరికి నచ్చలేదు. నాకు మాత్రం ఆ పాత పట్టాదారు పేరు చదివినప్పటి నుంచి మనసు అక్కడే ఉంది.

ఇక ఇనప్పెట్టెలోని కాగితం. అది బైనామా, అంటే అమ్మకం పత్రం. తారీఖు 1344 ఫస్లీ, దై నెల. ఫస్లీ అంటే శిస్తు లెక్కలకి వాడే సంవత్సరం. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని నాకు తెలుసు. గుంటూరు వైపు ఫస్లీ జులైలో మొదలవుతుందనీ తెలుసు. దై రెండో నెల కాబట్టి 1934 ఆగస్టు అని రాసిపెట్టుకున్నాను. ఈ ఒక్క తప్పు వల్ల ఏడాదిపాటు నా కథంతా తలకిందులుగా నడిచింది. మద్రాసు రాజధానిలో ఫస్లీ జులైలో మొదలయ్యేది. నిజాం రాజ్యంలో ఆజుర్ మొదటి నెల, అది అక్టోబరు 6న వచ్చేది. దై అంటే నవంబరు. రెండు ప్రభుత్వాల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్ళు ఈ తేడా గోడ మీద రాసిపెట్టుకోండి.

మూడు నెలల తేడా ఎందుకంత ముఖ్యమో ఈసీ చూశాక తెలిసింది. కంప్యూటర్లో దొరికేవి 1983 తర్వాతి లావాదేవీలే. అంతకు ముందువి చేత్తో వెతికించాలి. తెనాలి వైపు ఒక కార్యాలయంలో పాత పుస్తకాలు చెదలు తిన్నాయని మూడుసార్లు వెనక్కి పంపారు. నాలుగోసారి వేరే గుమాస్తా ఉన్నారు, సూచిక తీశారు. పేర్ల సూచిక ఒకటి, ఆస్తుల సూచిక ఒకటి ఉంటాయి; రెండిట్లోనూ వెతకమని అడగాలి. పేర్లలో మా ముత్తాత దొరకలేదు, ఆస్తుల్లో అక్కడి మా మాగాణి సర్వే నెంబరు దొరికింది. దాని ఎదురుగా 'కోర్టు సేల్ సర్టిఫికెట్, 1934 సెప్టెంబరు' అని ఉంది. పక్కనే దావా నెంబరు.

అంటే తెనాలి వైపు పొలం వేలంలో పోయింది. పోయిన రెండు నెలలకి బోధన్ దగ్గర బైనామా రాయించుకున్నాడు. తారీఖు తప్పుగా లెక్కేసినన్నాళ్ళూ, ఇక్కడ కొన్నాకే అక్కడ పోయిందనీ, ఆయన ఇష్టపడే వచ్చాడనీ నమ్మాను.

రికార్డులు వెతికేవాళ్ళకి నేను చెప్పదగ్గ అసలు కిటుకు ఇదే. కోర్టులో నెంబరు లేకుండా ఏ కాగితమూ బయటికి రాదు. "మా ముత్తాత మీద ఏదైనా కేసుందా" అని అడిగితే ఎవరూ చూడరు. కోర్టు వేలంలో పొలం అమ్ముడైతే ఆ సర్టిఫికెట్ నకలును కోర్టే రిజిస్ట్రారుకి పంపాలి, రిజిస్ట్రారు దాన్ని తన పుస్తకంలో చేర్చాలి. రిజిస్ట్రేషన్ చట్టం 89వ సెక్షన్ చెప్పేది అదే. కాబట్టి ఈసీ నుంచి దావా నెంబరుకి, దావా నెంబరు నుంచి కోర్టు నకలుకి దారి ఉంటుంది. సమాచార హక్కు దరఖాస్తు వేసి కాలం పోగొట్టుకోకండి, కోర్టు కాగితాలకి నకలు దరఖాస్తే వేయాలి. మనం ఆ దావాలో కక్షిదారులం కాము కాబట్టి ఎందుకు కావాలో ప్రమాణ పత్రం జతచేయాలి. నాకు ఒక వకీలు గారు రాసిచ్చారు.

మొదటి దావా ప్రోనోటుది. 1930లో రాసిన నోటు, 1933లో దావా. ప్రోనోటుకి మూడేళ్ళ కాలదోషం కాబట్టి గడువు అంచున వేశారన్నమాట. అవి వడ్లకి ధర లేని రోజులు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం, డెల్టాలో గాదెల నిండా ధాన్యం ఉన్నా చేతిలో రూపాయి లేదు. మద్రాసు రాజధానిలో రైతు రుణ విమోచన చట్టం 1938లో వచ్చింది. అప్పటికి మా మూడెకరాల చిల్లర పోయి నాలుగేళ్ళు. నాకు దొరికింది డిక్రీ, రెండు పేజీల తీర్పు. సాక్షుల వాఙ్మూలాలు ఎప్పుడో నాశనం చేశారు. ఏ కోర్టులోనైనా ఇంతే, డిక్రీ, తీర్పు ఎక్కువకాలం ఉంచుతారు, మిగతావి గడువు కాగానే తీసేస్తారు.

రెండో దావా ఇంకో దస్తావేజులో బయటపడింది. మా ముత్తాత అన్నగారి కొడుకు పాత ఇంటి స్థలం అమ్ముతూ, 'ఫలానా దావాలో భాగ పంపకం వల్ల సంక్రమించినది' అని రాయించాడు. ఇలాంటి వాక్యాలు కళ్ళు జారిపోతాయి, జాగ్రత్తగా చదవాలి. నెంబరు పట్టుకుని గుంటూరు జిల్లాలోనే ఒక సబ్ కోర్టు నుంచి నకలు తెప్పించాను. ఐదు నెలలు పట్టింది. 1950ల నాటి దావా. హైదరాబాదు సంస్థానం మనదేశంలో కలిసి, సివిల్ ప్రొసీజర్ కోడు ఇక్కడికి కూడా వచ్చాకగాని బోధన్ పొలాన్ని గుంటూరు కోర్టులో కలిపి అడగడం కుదరలేదు. అన్న కొడుకులు అడిగిందేమిటంటే, చిన్నాన్న ఉమ్మడి సొమ్ముతోనే అక్కడ కొన్నాడు కాబట్టి మాకూ వాటా రావాలని.

భాగ పంపకం దావాకి వంశవృక్షం జతచేస్తారు. నాలుగు తరాల పేర్లు, ఎవరు చనిపోయారు, ఎవరు పిల్లల్లేకుండా పోయారు, అన్నీ ఒక కాగితం మీద ఉన్నాయి. ఆరేళ్ళు వెతికి నేను గీసుకున్న వృక్షంలో రెండు కొమ్మలు తప్పు. అక్కడ మొదటి ప్రతివాది మా ముత్తాత. రెండో ప్రతివాది ఆయన భార్య, పేరుతో సహా, వయసుతో సహా.

తీర్పులో ఆవిడ సాక్ష్యం సారాంశం ముప్పావు పేజీ ఉంది. పొలం వేలంలో పోయాక తన పుట్టింటివారు పెట్టిన కంటె, వడ్డాణం, రెండు జతల గాజులు తెనాలిలో షరాబుకి అమ్మి, ఆ డబ్బుతో బోధన్ దగ్గర భూమి కొన్నామని చెప్పింది. స్త్రీధనం భర్త అప్పుకి బాధ్యత కాదు కాబట్టి అప్పిచ్చినవాడు దాన్ని ముట్టుకోలేకపోయాడు. అవతలి వకీలు లెక్క తప్పించాలని చూశాడట, ఆవిడ తూకాలు తడుముకోకుండా చెప్పిందని జడ్జి రాశారు. ఆవిడ మాట నమ్మి బోధన్ పొలంలో వాళ్ళకి వాటా లేదని తేల్చారు. పాత ఇల్లు మాత్రం పంచారు.

పహాణీల్లో ఆవిడ లేదు. ఫైసల్ పట్టీలో లేదు, బైనామాలో లేదు, జనగణనలో ఒక అంకెగా కలిసిపోయింది. పొలం కొన్నది ఆవిడ బంగారంతో. ఆ సంగతి దొరికింది కోర్టు కాగితంలోనే.

నకలు పట్టుకెళ్ళి మేనత్తకి చదివి వినిపించాను. పేరు వినగానే "ఇంకోసారి చదువు నాయనా" అంది. మళ్ళీ చదివాను. "నాకు పెట్టాలనుకున్న పేరదే. మా నాన్న, అమ్మ పేరెట్టి కూతుర్ని తిట్టలేనని మానేశాడంట. ఆ పేరేంటో మాత్రం ఎవరూ చెప్పలా" అంది. తర్వాత చాలాసేపు కాగితం మీద అక్షరాలు వేలితో తడుముతూ కూర్చుంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. పేరు ఎక్కడుందో చూపించమంది.

ఇక ఖర్చు సంగతి. ఫీజులు పెద్దవి కావు, తిరుగుళ్ళకే డబ్బయింది. బోధన్ నుంచి గుంటూరు జిల్లాకి పదకొండుసార్లు వెళ్ళాను. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఆరు రోజులు కూర్చున్నాను. మా ఊరి కాగితాలు దొరకలేదు గానీ నిజాం కాలపు రెవెన్యూ పదాలన్నీ అక్కడే అర్థమయ్యాయి. ఇవాళ్టి ఆన్‌లైన్ భూమి రికార్డుల్లో పాతకాలం మనుషుల కోసం వెతక్కండి, అవి ఇప్పటి హక్కుదారుల కోసం పెట్టినవి. మళ్ళీ మొదలుపెడితే ఖాస్రాతో మొదలుపెట్టి, ఈసీకి వెళ్ళి, దావా నెంబరు పట్టుకుంటాను. జనగణన పుస్తకం చివర్లో తెరుస్తాను. ఎవరికైనా సమయం తక్కువుంటే ఆస్తుల సూచిక ఒక్కటి వెతికించినా చాలు.

ప్రస్తుతం సేత్వార్‌లోని ఆ పాత పట్టాదారు కోసం వెతుకుతున్నాను. పేరుంది, తండ్రి పేరుంది, ఇంటిపేరు లేదు. ఉర్దూ మాస్టారు దాన్ని రెండు రకాలుగా చదవొచ్చన్నారు. ఊళ్ళో పాత కాపురస్తుల ఇళ్ళకి రెండు పేర్లూ రాసుకుని వెళ్తున్నాను. ఇప్పటికి తొమ్మిది ఇళ్ళయ్యాయి.