మా తమ్ముడి పునరావాస కౌన్సెలింగ్: ఎనిమిది నెలల అనుభవంపై సమీక్ష

భువనగిరి వైపు ఒక పల్లెలో తరతరాలుగా కల్లు కోసం తాటిచెట్లు గీసే కుటుంబం మాది. మా తమ్ముడు 2023 వేసవిలో, చెట్టెక్కడానికి వాడే తాడు, మోకు, జారి తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. నడుము దగ్గర వెన్నుపూస విరిగి, వెన్నుపాము దెబ్బతిని, రెండు కాళ్లలో చలనం, స్పర్శ రెండూ పోయాయి. గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో ప్రభుత్వం భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది ఆ మరుసటి సంవత్సరం. ఒక్క ఏడాది ముందు వచ్చి ఉంటే అన్న ఆలోచన మా ఇంట్లో ఇప్పటికీ పోలేదు. ఆపరేషన్, నెలల తరబడి ఫిజియోథెరపీ అయ్యాక డాక్టరు గారు పునరావాస కౌన్సెలర్‌ను, అంటే ఇలా దెబ్బతిన్న మనిషి మళ్లీ తన బతుకులో నిలదొక్కుకోవడానికి సాయపడే నిపుణుణ్ని, కలవమని రాసిచ్చారు. అప్పటివరకు అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని కూడా మాకు తెలియదు. హైదరాబాద్‌లో రెండు చోట్లకు వెళ్లాం. రెండింటి పేర్లూ రాయడం లేదు గానీ, అక్కడ జరిగింది జరిగినట్లే రాస్తున్నాను.

మొదటి చోట గది చల్లగా ఉంది, గోడలనిండా నవ్వుతున్న ముఖాల ఫొటోలు ఉన్నాయి. కౌన్సెలర్ గారు అర్ధగంట మాట్లాడారు, అదంతా నాతోనే. పక్కనే చక్రాల కుర్చీలో కూర్చున్న ముప్పై ఒక్క ఏళ్ల మనిషిని చూపిస్తూ "ఇతనికి చదువు వచ్చా? రాత్రి నిద్ర పోతాడా?" అని నన్ను అడిగారు. తమ్ముడు ఇంటర్ పాసయ్యాడు, అతని మెదడుకు ఏ దెబ్బా తగల్లేదు. అంగీకార పత్రం మీద సంతకం కూడా నా చేతనే పెట్టించారు. ఆ తర్వాత ఫలానా దుకాణంలోనే చక్రాల కుర్చీ కొనమని చీటీ రాసిచ్చి, వెళ్లేముందు ప్రచారం కోసం ఒక ఫొటో కావాలన్నారు. ఫొటో వద్దని తమ్ముడు అంటే, ఆయన నా వైపు చూశారు. ఇందులో ఏ ఒక్కటీ సరికాదని ఆ రోజు నాకు తట్టలేదు. పెద్దవాణ్ని, డబ్బు కట్టేవాణ్ని, నాతో మాట్లాడటమే మర్యాద అనుకున్నాను. ఇంటికి వచ్చాక తమ్ముడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

రెండో చోటుకు ఒక బంధువు చెప్పగా వెళ్లాం. అక్కడి కౌన్సెలర్ మేడమ్ తన కుర్చీని తమ్ముడి ఎదురుగా, అతని కళ్లకు సమానమైన ఎత్తులో జరుపుకొని, "మీరు ఇక్కడికి రావాలని మీరే అనుకున్నారా, ఇంట్లోవాళ్లు తీసుకొచ్చారా?" అని అడిగారు. పడిన నాటి నుంచి తమ్ముణ్ని బయటివాళ్లెవరైనా 'మీరు' అనడం నేను విన్నది అదే మొదటిసారి. వికలాంగుడు, దివ్యాంగుడు అన్న రెండు మాటల్లో దేనితో తన గురించి చెప్పుకోవడానికి ఇష్టపడతారని కూడా అడిగారు. రెండూ వద్దు, పేరు పెట్టి పిలిస్తే చాలన్నాడు. ఎనిమిది నెలలూ ఆవిడ ఆ మాట తప్పలేదు.

మొదటి రోజే ఆవిడ స్పష్టంగా చెప్పిన విషయం ఒకటుంది. తమ్ముడు ఆ గదిలో చెప్పేవి అతని అనుమతి లేకుండా భార్యకు గానీ, తల్లికి గానీ, నాకు గానీ చెప్పరు. అతని ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉందని అనిపిస్తే మాత్రం ఆ హద్దు దాటుతారు, అప్పుడు కూడా ముందు అతనికి చెప్పే దాటుతారు. నేను తల ఊపాను గానీ, అది నాకు కూడా వర్తిస్తుందని మనసులో పెట్టుకోలేదు. మూడో వారం తమ్ముడు బయటికి వచ్చి ముభావంగా ఉంటే, ఏమైందని మేడమ్‌ను అడిగాను. "ఆయన్నే అడగండి" అన్నారు. ఒక్కోసారికి ఆరు వందల రూపాయలు కట్టేది నేను, ఉప్పల్‌లో నా ఇంట్లో ఉంచుకొని చూసుకుంటున్నది నేను, నాకెందుకు చెప్పరని గట్టిగానే మాట్లాడాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు, లొంగనూ లేదు. డబ్బు నేను కట్టినా తాను పనిచేస్తున్నది అతని కోసమని, ఆ నమ్మకం ఒకసారి పోతే అతను ఇంకెవరికీ ఏదీ చెప్పుకోడని మాత్రం అన్నారు.

నెల తర్వాత ఒక రాత్రి తమ్ముడే నాకు చెప్పాడు. "అన్నా, నీ ఇంట్ల నాకేం తక్కువ లేదు. కానీ నేను మన ఊరికి పోత." ఆ మాట నాకు ఎలా చెప్పాలా అని అతను మూడు వారాలు ఆవిడ దగ్గర సాధన చేశాడట. ఆవిడ ముందే నాకు చేరవేసి ఉంటే నేను నొచ్చుకొని, అతన్ని బతిమాలి, ఆపేసేవాణ్ని. ఆ సంగతి నాకు బాగా తెలుసు గనుకే ఈ సేవలో అన్నిటికంటే విలువైనది ఆవిడ నాకు చెప్పకుండా ఉండటమే అంటున్నాను.

ఇక పని విషయం. కౌన్సెలర్ అంటే ధైర్యం చెప్పేవారని మేము అనుకున్నాం, కానీ ఆవిడ చేసిన పనిలో సగం కొలతలు, కాగితాలే. ఊరికి వచ్చి మా ఇంటి అరుగు ఎత్తు కొలిచారు. అడుగున్నర ఎత్తుకు, ఒకటికి పన్నెండు పాళ్ల వాలుతో, పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలని లెక్క కట్టి, వాకిట్లో అంత చోటు లేనందున మధ్యలో మలుపు పెట్టి మేస్త్రీకి బొమ్మ గీసిచ్చారు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్‌కు, దివ్యాంగుల గుర్తింపు కార్డయిన యూడీఐడీకి, నెలకు 4,016 రూపాయల పింఛనుకు కావలసిన పత్రాలు ఏవో చెప్పారు గానీ, దరఖాస్తు మాత్రం తమ్ముడి చేతే నింపించారు. చక్రాల కుర్చీలో ఏళ్లుగా బతుకుతున్న ఒక పెద్దాయనను పరిచయం చేశారు. ఎక్కువసేపు కూర్చున్న చోట ఒత్తిడికి పుండ్లు పడకుండా చేతుల మీద ఒంటిని ఎత్తుకోవడం, నాలుగైదు గంటలకొకసారి గొట్టంతో మూత్రం తీసుకోవడం, ఆ బాధలతోనే పెళ్లికీ జాతరకూ వెళ్లడం ఆయన చెబితే తమ్ముడు విన్నాడు. అవే మాటలు మేము చెప్పినప్పుడు ఎన్నడూ వినలేదు.

ఉపాధి విషయంలో కిరాణా కొట్టు పెట్టించాలని మా అమ్మ, నేను ముందే తీర్మానించుకున్నాం. తమ్ముడు చేసిన పనులన్నీ ఆవిడ ఒక్కొక్కటిగా రాయించారు. మా ఊరి కల్లు గీత కార్మికుల సంఘం లెక్కలు నాలుగేళ్లపాటు అతనే చూసిన సంగతి అప్పుడు బయటపడింది. చెట్టు ఎక్కలేకపోయినా ఆ మనుషుల మధ్యే ఉండాలన్నది అతని కోరిక. పని సామర్థ్య పరీక్షను విద్యానగర్‌లో కేంద్ర కార్మిక శాఖ దివ్యాంగుల కోసం నడిపే ఉపాధి కేంద్రంలో ఉచితంగా చేస్తారని, ఆ పరీక్షకు తనకు రుసుము కట్టనవసరం లేదని ఆవిడే చెప్పి పంపారు. తన రాబడి తగ్గే సలహాను అడగకుండానే ఇచ్చారు. మొదటి చోట దుకాణం చీటీ తీసుకున్న నాకు ఆ తేడా తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు.

ఈ సేవకు వెళ్లేవారు ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: భారత పునరావాస మండలిలో మీ నమోదు సంఖ్య ఎంత? 1992 నాటి చట్టం ప్రకారం పునరావాస నిపుణులు కేంద్ర రిజిస్టరులో నమోదై ఉండాలి. నమోదు లేకుండా వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మేడమ్ సంఖ్య ఆవిడ గది తలుపు మీదే ఉంది. మొదటి చోట అడగాలన్న ఆలోచనే మాకు రాలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇతరులతో సమానమైన చట్టపరమైన హోదాను ఇస్తుంది గనుక, నిర్ణయం తీసుకోగలిగిన వయోజనుడి పత్రం మీద అతని అన్నయ్య సంతకం ఎందుకని అడిగే హక్కు కూడా మనకుంది.

లోపాలు లేకపోలేదు. ఒక్కరే కౌన్సెలర్ కావడంతో ఒక్కోసారి మూడు వారాలు ఎదురుచూశాం. గొంతులోకి వచ్చిన మాట ఆరిపోవడానికి మూడు వారాలు చాలా ఎక్కువ. మా మరదలిని ఐదో నెలలో గానీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడలేదు. ఆమె భారం మొదటి రోజు నుంచే ఉన్నది, ఆమెకంటూ ఒక గంట ముందే కేటాయించి ఉండాల్సింది. అన్నిటికంటే పెద్ద లోపం, నివేదికలు, అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉండటం. ఆవిడ ప్రతి వాక్యాన్నీ తెలుగులో చదివి వివరించిన మాట నిజమే గానీ, ఇంటికి తీసుకెళ్లి తనంతట తాను చదువుకోలేని కాగితం మీద పెట్టిన సంతకాన్ని పూర్తి అంగీకారం అని నేను అనలేను. ఆ మాట ఆవిడతోనే అన్నాను. తర్వాతి నివేదిక రెండు పేజీల తెలుగులో వచ్చింది.

తమ్ముడు ఇప్పుడు ఊళ్లోనే ఉంటూ సంఘం లెక్కలు చూస్తున్నాడు. ర్యాంపు అయింది, స్నానాల గది తలుపు వెడల్పు చేయడం మిగిలింది. తదుపరి సమావేశం ఏప్రిల్‌లో పెడదామని మేడమ్ అంటే, తాటికల్లు జోరుగా ఉండే నెల, లెక్కలు వదిలి రావడం కుదరదని తమ్ముడు చెప్పాడు. ఆవిడ ఏప్రిల్ కొట్టేసి జూన్ అని రాసుకున్నారు.