భాగహారం నేర్పడానికి ఏది మేలు: పంపకమా, విడతల తీసివేతా, నిలువు లెక్కా?

పొదలకూరు వైపు పల్లెల్లో నిమ్మకాయలను లెక్కపెట్టి సంచుల్లోకి ఎత్తడం పిల్లలకు కొత్త పని కాదు. అందుకే మూడో తరగతిలో భాగహారం మొదలుపెట్టేటప్పుడు నేను పలక కంటే ముందు కాయలను తీసుకుంటాను. 24 కాయలను నలుగురికి సమానంగా పంచమంటే ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోతారు. అవే కాయలను సంచికి 4 చొప్పున వేయమంటే గుంపులు కట్టి, 6 సంచులయ్యాయంటారు. రెండింటికీ జవాబు 6 అయినా, ముందుది ఒక్కొక్కరి వాటా, తరువాతది సంచుల లెక్క. ఈ తేడా చేతులకు తెలియకముందే భాగహారం గుర్తు నేర్పితే, రాత లెక్కల్లో దేనిని దేనితో భాగించాలో తోచక పిల్లలు తడబడతారు. అయితే సంఖ్య వందలు దాటితే కాయలు పంచి లెక్క తేల్చడం సాగదు.

అసలు ఎంపిక నాలుగో తరగతిలో వస్తుంది. 618ని 6తో భాగించమన్నప్పుడు, నిలువు పద్ధతి ఒక్కటే తెలిసిన పిల్లవాడు "ఆరులో ఆరు ఒకసారి, ఒకటిలో ఆరు పోదు, ఎనిమిదిని దించాలి, పద్దెనిమిదిలో ఆరు మూడుసార్లు" అని గబగబా పలికి, భాగఫలం 13 అని రాస్తాడు. ఎక్కం తప్పలేదు, తీసివేత తప్పలేదు. మొదటి 6 నిజానికి 600 అన్న సంగతి మరుగున పడడంతో మధ్యలోని సున్న జారిపోయింది. విడతలుగా తీసివేసే పిల్ల ముందు వంద ఆరులను, అంటే 600ను తీసేస్తుంది, మిగిలిన 18లో మూడు ఆరులను చూసి, 100కు 3 కలిపి 103 అంటుంది.

ఎక్కాలు పూర్తిగా రాని పిల్లలకు కూడా ఈ పద్ధతి ఆసరా ఇస్తుంది. 168ని 7తో భాగించడానికి ఏడో ఎక్కం చివరిదాకా రాకపోయినా, పది ఏడులు 70 అని తెలిస్తే చాలు: 70 తీస్తే 98, మరో 70 తీస్తే 28, అందులో నాలుగు ఏడులు, మొత్తం 24. నోటుపుస్తకంలో చోటు ఎక్కువ పడుతుంది, తీసివేతలు పెరిగేకొద్దీ పొరపాట్లకు వీలూ పెరుగుతుంది; అయినా తానేం చేస్తున్నదో పిల్లకు తెలుస్తూనే ఉంటుంది కాబట్టి నా ఓటు దీనికే.

నిలువు లెక్కను వదిలేయమని నేను అనను. అది క్లుప్తమైనది, దశాంశాల భాగహారంలో తప్పక కావలసినది. కాకపోతే 103లోని 1 వందను సూచిస్తుందని పిల్లలు తమ మాటల్లో చెప్పగలిగాకే దానిలోకి వెళ్లడం మంచిది.

శేషం విషయంలో మాత్రం ఐదో తరగతిలోనూ మళ్లీ కాయల దగ్గరికే వస్తాను. 50ని 8తో భాగిస్తే 6 వచ్చి 2 మిగులుతుందని ఏ పద్ధతైనా చెబుతుంది. సంచికి 8 కాయలైతే నిండేవి 6 సంచులే. ఆటోకు ఎనిమిదిమంది చొప్పున 50 మందిని మైపాడు తీసుకువెళ్లాలంటే 7 ఆటోలు కావాలి.