పేగు జబ్బుకు వెళితే కళ్లూ కీళ్లూ చూసిన వైద్యశాల

పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్‌తో నాలుగేళ్లుగా బాధపడుతున్న మా తమ్ముణ్ణి అమలాపురం నుంచి రాజమహేంద్రవరంలోని ఒక జీర్ణకోశ వైద్యశాలకు తీసుకువెళ్లాము. మోకాళ్ల వాపు కొబ్బరితోట పనివల్ల వచ్చిందనీ, కన్ను ఎర్రబడటం కళ్లకలక అనీ అనుకొని అంతవరకు విడివిడిగా మందులు వాడాము.

అవి రెండూ ఒకే జబ్బు శాఖలు కావచ్చునని మొదట చెప్పినది ఇక్కడి వైద్యురాలే. రోగనిరోధక వ్యవస్థ అలజడి పేగుతో ఆగక కీళ్లు, కళ్లు, చర్మం, కాలేయంలోని పైత్యరస నాళాల వరకు పాకగలదనీ, మోకాలు, చీలమండ వంటి పెద్ద కీళ్ల వాపు చాలావరకు పేగు జబ్బుతోపాటే హెచ్చుతగ్గులు చూపుతుందనీ, వెన్నెముక వాపు మాత్రం పేగు నెమ్మదించినా సాగవచ్చుననీ ఓపికగా వివరించారు. వెలుతురు చూడలేకపోతున్నాడని వినగానే, చూపును దెబ్బతీయగల యువైటిస్ (కంటి లోపలి వాపు) అనుమానంతో ఆ రోజే కంటి వైద్యుని వద్దకు పంపారు. దుకాణంలో కొని మింగుతున్న డైక్లోఫెనాక్ అనే నొప్పిమాత్ర పేగు వాపును రేపగలదని మాన్పించారు. రక్తహీనత పరీక్షతోపాటు, స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినందున ఎముకల సాంద్రతకు డెక్సా స్కాన్ రాశారు. పులస తినవచ్చునా అని మావాడు అడిగితే, ఒంటికి పడితే తినమన్నారు. వాడికి అన్నిటికంటె నచ్చిన సలహా అదే.

వైద్యానికి వంక పెట్టలేను. కాని ఉదయం 9 గంటల టోకెనుకు మధ్యాహ్నం ఒంటిగంటకు పిలిచారు. పైగా విరేచనాల రోగులే ఎక్కువగా వచ్చే ఈ చోట, మరుగుదొడ్డి మేడమీద ఉన్నది, లిఫ్టు లేదు.