కారులో ముక్క వాసన: వంట సోడా, బొగ్గు సంచి, ఏసీ ఫోమ్... ఏది మేలు?

వానలు మొదలైతే చాలు, కారున్న స్నేహితులందరూ అడిగేది ఒకటే. "లోపల ముక్క వాసన వస్తోంది. వంట సోడా చల్లనా, బొగ్గు సంచి పెట్టనా, ఏసీని లోపల కడిగే నురుగు మందు, అదే ఫోమ్, కొట్టించనా?" ఈమధ్యే నా కారుకూ ఆ జబ్బు పట్టింది. మూడూ చేసి చూశాను కాబట్టి ఈసారి కాస్త ధైర్యంగా చెప్పగలను.

అయితే జవాబు చెప్పేముందు నేను తిరిగి అడిగేది ఒకటుంది: వాసన ఎప్పుడు వస్తోంది? ఏసీ వేసిన మొదటి నిమిషంలో గుప్పుమని, కాసేపటికి తగ్గిపోతోందా? లేక ఏసీ వేయకముందే, తలుపు తీయగానే ముక్కుకు తగులుతోందా? మొదటిదైతే వాసన పుట్టేది ఏసీ లోపల. రెండోదైతే కార్పెట్ కిందో, డిక్కీలోనో ఎక్కడో నీరు నిలిచి ఉంటుంది. ఏ మందు పనిచేస్తుందో తేల్చేది ఇదేనని నా నమ్మకం. డబ్బా మీద ఏం రాశారన్నది తర్వాతి సంగతి.

ఏసీ నుంచి వస్తుంటే మారుమాట లేదు, ఫోమే మేలు. డాష్‌బోర్డు వెనకాల ఉండే కూలింగ్ కాయిల్ మీద, చన్నీళ్ల చెంబుకు చెమ్మ పట్టినట్టే, గాలిలోని తేమ నీరవుతుంది. ఆ నీరు డ్రెయిన్ పైపు గుండా కారు కిందికి కారిపోవాలి. బండి ఆపేశాక తడి కాయిల్ ఆ చీకట్లో అలాగే ఉండిపోతుంది. దుమ్ము తోడైతే బూజుకు ఇంకేం కావాలి? సీటు కింద పెట్టిన బొగ్గు సంచి అక్కడిదాకా వెళ్లి ఏం చేయగలదు చెప్పండి.

ఫోమ్ కొట్టించేటప్పుడు, కారు లోపలికొచ్చే గాలిని వడకట్టే కేబిన్ ఫిల్టర్ కూడా మార్చండి. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, మనమే మార్చుకోవచ్చు. కాయిల్ కడిగించి పాత ఫిల్టరే పెట్టుకోవడమంటే, తలంటుకుని విడిచిన బట్టలే మళ్లీ కట్టుకోవడం. ఇంటికి చేరడానికి ఐదు నిమిషాల ముందు ఏసీ ఆపేసి, బయటి గాలి వచ్చేలా పెట్టి బ్లోయర్ మాత్రం నడిపితే కాయిల్ చాలావరకు ఆరుతుంది. పైసా ఖర్చు లేదు. నేనూ మొన్నటిదాకా పాటించలేదనుకోండి.

ఇక నా కథ. మెకానిక్ ఫోమ్ కొట్టాడు, రెండు రోజులు బాగుంది, వారం తిరక్కుండా వాసన మళ్లీ వచ్చింది. ఈసారి ఏసీ వేయకపోయినా వస్తోంది. డ్రైవర్ పక్క సీటు దగ్గర, కాళ్లు పెట్టుకునే చోట, టిష్యూ పేపర్ వేసి కార్పెట్‌ను గట్టిగా అదిమి చూశాను. పేపర్ తడిసిపోయింది! డ్రెయిన్ పైపు మట్టితో పూడుకుపోయి, కాయిల్ నీళ్లన్నీ లోపలికే కారుతున్నాయి. అంటే కరిగిన ఫోమ్ కూడా బయటికి పోకుండా కార్పెట్‌లోకే చేరిందన్నమాట. ఉక్కపోత రోజున పావుగంట ఏసీ నడిపినా కారు కింద చుక్క నీరు పడకపోతే ఆ పైపునే అనుమానించాలని నాకు అప్పుడు తెలిసింది.

కార్పెట్ పైన తడిలేదని మోసపోకండి. దాని అడుగున మందపాటి స్పాంజి పొర ఉంటుంది, అది తాగిన నీరు అంత తేలిగ్గా వదలదు. కార్పెట్ ఎత్తి, ఫ్యాన్ పెట్టి, రెండు రోజులు ఎండలో తలుపులు తెరిచి ఉంచితే గానీ నాది ఆరలేదు. తడిలో చల్లిన వంట సోడా ముద్దకట్టి గట్టిపడుతుంది, ఆ పెళ్లలు గీకలేక చావాలి. బాగా ఆరాక రాత్రి చల్లి, పొద్దున వాక్యూమ్‌తో లాగేస్తే మిగిలిన వాసన తగ్గింది. ఒలికిన పాలు, పిల్లల వాంతి లాంటి పులిసిన వాసనలకు సోడా ఇంకా బాగా పనిచేస్తుంది. అన్నట్టు, కార్పెట్ తడి జిగురుగా, తియ్యటి వాసనతో ఉంటే అది నీరు కాదు, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్. నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.

బొగ్గు సంచి చెడ్డదేం కాదు. గాలిలో తిరిగే వాసనను పట్టుకుంటుంది, బూజును మాత్రం చంపదు. అంతా బాగయ్యాక పెట్టుకోవచ్చు.

పెర్ఫ్యూమ్ గురించి చెప్పడానికేం లేదు, ముక్క వాసనకు మల్లెపూలు కలుస్తాయి. ఓజోన్ వాయువు వదిలే మిషన్ పాత సిగరెట్ వాసనకు పనికొస్తుంది కానీ ఆ గాలి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మిషన్ నడుస్తున్నంతసేపూ కారులో ఎవరూ ఉండకూడదు, తర్వాత తలుపులు బార్లా తెరవాలి. పైగా తడి అక్కడే ఉంటే వాసన తిరిగొస్తుంది.

ఏసీలోనూ కార్పెట్‌లోనూ రెండుచోట్లా ఉంటే ముందు పైపు శుభ్రం చేయించండి, తర్వాత కార్పెట్ ఆరబెట్టండి, ఫోమ్ చివర్లో. నేను ఈ వరుస తలకిందులు చేసి ఫోమ్‌కు రెండుసార్లు డబ్బు కట్టాను.